తలుపు వేసిన చెయ్యి

సిటీ బస్సులో ఆమె కండక్టరు. ముందు తలుపు దగ్గర నిలబడి ఒక్క కేక వేసిందంటే, వెనక సీట్లో కునికిపాట్లు పడుతున్నవాడు కూడా ఉలిక్కిపడి టికెట్టు కోసం జేబు తడుముకోవాల్సిందే. అలాంటి మనిషి పసికందుల వార్డులోకి వచ్చిన దగ్గర్నుంచీ పెదవులు కదపడమే గాని గొంతు పెగల్చలేదు. నెలలు నిండకుండానే పుట్టుకొచ్చిన కూతురు గాజుపెట్టెలో ఉంది. గట్టిగా మాట్లాడితే ఆ పిట్టంత ప్రాణం బెదిరిపోతుందేమోనని ఒక భయం. ఇక్కడివాళ్ళకు కోపం తెప్పిస్తే ఆ కోపం బిడ్డ మీదికి మళ్ళుతుందేమోనని ఇంకో భయం. తోటి తల్లులు మాత్రం ఆమె ఉద్యోగం తెలుసుకుని కండక్టరమ్మా అని పిలిచేవాళ్ళు.

ఆ మధ్యాహ్నం పెద్ద సిస్టర్ ఆమెను వాలుకుర్చీలో కూర్చోబెట్టి, గౌను ముందువైపు ముడి విప్పమంది. గాజుపెట్టె కిటికీలోంచి రెండు చేతులూ పోనిచ్చి, వైర్లనూ పాలగొట్టాన్నీ వేళ్ళ సందున పోగుచేసి పట్టుకుని, పాపను అరచేతిలోకి ఎత్తింది. తెచ్చి తల్లి గుండెల మీద బోర్లా పడుకోబెట్టింది. తల పక్కకు తిప్పి, గడ్డం కాస్త పైకెత్తి, కాళ్ళు కప్పకాళ్ళలా మడిచి, పైనుంచి మెత్తటి గుడ్డ చుట్టి ముడేసింది.

"మెడ వంగనివ్వకు. మెడ మడతపడితే ఊపిరి ఆగిపోతుంది. నువ్వు చెయ్యాల్సిందేం లేదు, పీల్చు, వదులు. నిన్ను చూసి అది నేర్చుకుంటుంది."

"భయమేస్తోంది సిస్టర్" అంది కండక్టరమ్మ.

"దీన్ని కంగారూ పద్ధతి అన్నారు గాని కంగారు పడమనలేదమ్మా" అంటూ చిన్న సిస్టర్ అటుగా పోయింది. పెద్ద సిస్టర్ నవ్వలేదు. ఆ హాస్యం ఆమె చెవులకు ఏనాడో అరిగిపోయినట్టుంది.

పెద్ద సిస్టర్ తియ్యగా మాట్లాడే మనిషి కాదు. మోకాలి నొప్పితో ఒక పక్కకు ఒరిగి నడుస్తుంది. మోచేతుల దాకా సబ్బు పెట్టుకోని తల్లిని, తల్లైనా సరే, వెనక్కి పంపేస్తుంది. మొదట్లో కండక్టరమ్మకు ఆమె అంటే ఒళ్ళు మండేది. తర్వాత గమనించింది, ఆ మనిషి గాజుపెట్టెలో చెయ్యి పెట్టేముందు ప్రతిసారీ రెండు అరచేతులూ రుద్దుకుని వెచ్చచేసుకుంటుంది. చల్లటి చెయ్యి తగిలితే పిల్లలు ముడుచుకుపోతారట. ఎవరూ చూడనప్పుడు కూడా ఆ రుద్దుకోవడం మానదు. అది చూశాక కండక్టరమ్మ మనసు మారింది.

పాపను మళ్ళీ పెట్టెలో పడుకోబెట్టాక, కండక్టరమ్మ పాలగిన్నె కడగడానికి వార్డు ముందుగదిలోకి వెళ్ళింది. చెప్పులు విడిచేదీ చేతులు కడిగేదీ అక్కడే. పక్కన ఇంకో తల్లి చేతులు కడుక్కుంటోంది. కిటికీ పక్క పెట్టెలోని బాబు తల్లి ఆమె. నోట్లో నాలుక లేనట్టుండేది. ఆ బాబు తాతగారు, అంటే ఆమె మామగారు, మార్కెట్ సంఘానికి అధ్యక్షుడు, ఆసుపత్రి సలహా సంఘంలోనూ సభ్యుడు. అందరూ అధ్యక్షులవారూ అనే పిలుస్తారు.

సరిగ్గా అప్పుడే ఆయన వచ్చాడు. ఒక్కడే రాలేదు. ఆయన అక్కయ్యగారు, ఆమె కొడుకూ కోడలూ, ఇంకా ఎవరెవరో. అక్కయ్యగారు రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. పెద్ద సిస్టర్ ముందుగది గుమ్మానికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"ఇంతమంది కుదరదండి. ఆవిడకి దగ్గు కూడా ఉంది."

"ఊరెళ్ళిపోతోందమ్మా మా అక్క. ఒక్కసారి చూసి వెళ్ళిపోతుంది. దూరం నుంచే."

"గాలికి దూరం, దగ్గరా ఏముందండి. దగ్గు తగ్గాక రమ్మనండి, నేనే దగ్గరుండి చూపిస్తాను."

"నేనెవరో తెలిసే మాట్లాడుతున్నావా?"

"బాబుకి తాతగారు" అంది పెద్ద సిస్టర్.

ఆయన ముఖం ఎర్రబడింది. ఏదో అనబోతున్నాడు, లోపల అలారం మోగింది. రోజూ వినే కీచుమోత కాదు, ఎడతెగని మోత. పెద్ద సిస్టర్ ఆయన మాట పూర్తికానివ్వలేదు. గిర్రున వెనక్కి తిరిగి లోపలికి పరిగెత్తింది. మోకాలి నొప్పి ఉన్న మనిషి అలా పరిగెత్తగలదని కండక్టరమ్మ ఊహించలేదు.

గుమ్మం ఖాళీ అయింది. అధ్యక్షులవారు లోపలికి అడుగు పెట్టబోయాడు, వెనక అక్కయ్యగారు, ఆ వెనక మిగతావాళ్ళు. కండక్టరమ్మ ఆలోచించలేదు. నిండిన బస్సు తలుపును ఎలా మూసేస్తుందో అలాగే మూసేసింది. గిన్నె తొట్టిలో పడేసి, తలుపు చాటునుంచే భుజం ఆనించి తోసింది. నేలకు ఒరుసుకునే బరువైన తలుపది, రోజూ మొరాయించేది. ఆ వేళ ఒక్క ఊపున మూసుకుపోయింది. అవతల ఎవరో "అబ్బా" అన్నారు. ఆమె గడియ పెట్టేసింది.

లోపలికి వెళ్ళి చూస్తే మోగుతున్నది తన పాప పెట్టె.

పాప పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. పెద్ద సిస్టర్ అరికాలిని వేలితో టకటకా కొట్టింది, వీపు రుద్దింది. పాప కదల్లేదు. చిన్న సిస్టర్ అందించిన బుల్లి మాస్కును ముక్కూ నోరూ కప్పేలా ఆనించి, దానికి తగిలించిన గాలి సంచీని రెండు వేళ్ళతో నొక్కడం మొదలుపెట్టింది. నొక్కడం, వదలడం. ఆమె కళ్ళు మానిటర్ మీద లేవు, పాప రొమ్ము మీద ఉన్నాయి. అది లేస్తోందా లేదా అన్నదే చూస్తోంది. కండక్టరమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.  కాసేపటికి పాప నుదుటి మీద ఒక ముడత కదిలింది. చెయ్యి గుప్పిట బిగిసింది. పెదవుల రంగు మెల్లమెల్లగా విరిగి, గులాబీ అయింది.

పెద్ద సిస్టర్ మాస్కు తీసి, అప్పుడు తల్లివైపు చూసింది. "ఊపిరి పీల్చడం మర్చిపోయింది. గుర్తుచేశాం. నెలలు తక్కువ పిల్లలకి మతిమరుపు మామూలే. కూర్చో."

సాయంత్రానికి మేట్రన్ వచ్చింది. అధ్యక్షులవారి వేలు నలిగిందట. సిస్టర్ పిల్లల్ని గాలికొదిలేసి గుమ్మంలో తగాదా పెట్టుకుందనీ, పెద్దవాళ్ళని నానామాటలూ అని, వేళ్ళ మీద తలుపు విసిరికొట్టిందనీ ఆయన ఫిర్యాదు.

"తలుపు ఎవరు వేశారు?" అని అడిగింది మేట్రన్.

కండక్టరమ్మ నోరు తెరిచింది.

"నేనే వేశాను" అంది పెద్ద సిస్టర్, ఆ తెరిచిన నోటివైపే చూస్తూ. "నువ్వింకా ఇక్కడే ఉన్నావేంటమ్మా? పాపకి పాలవేళైంది. వెళ్ళు."

కండక్టరమ్మ వెళ్ళింది. ఎందుకు వెళ్ళిందో ఆ తర్వాత ఎన్నిసార్లు తనను తాను ప్రశ్నించుకున్నా ఒకటే జవాబు. వెళ్ళమన్నది ఆ గొంతు కాబట్టి.

మర్నాడు పొద్దున పెద్ద సిస్టర్ లేదు. విచారణ తేలేవరకూ బయటి రోగుల ఇంజెక్షన్ గదికి మార్చారని చిన్న సిస్టర్ చెప్పింది. చెబుతూనే ఒక పెట్టె దగ్గర సెలైన్ సరిచేసి, ఇంకో పెట్టె దగ్గర తడిగుడ్డ మార్చి, మూడో దాని దగ్గరికి పరుగు తీసింది. పెద్ద సిస్టర్ స్థానంలో ఇంకా ఎవరూ రాలేదు. మధ్యాహ్నం కిటికీ పక్క బాబుకు కడుపు ఉబ్బితే చిన్న సిస్టర్ వాడి మీద వంగి ఉంది. అప్పుడే ఇవతల ఒక అలారం మోగింది. వంగిన మనిషి తల తిప్పిందే గాని చెయ్యి తియ్యలేకపోయింది. "కండక్టరమ్మా, ఆ పాప కాలు గిల్లండి" అంది. కండక్టరమ్మ మోచేతుల దాకా కడుక్కున్న చేతిని పెట్టెలో పెట్టి, ఎవరో బిడ్డ అరికాలిని వేలితో మీటింది. బిడ్డ విదిలించుకుంది. అలారం ఆగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఈసారికి గట్టెక్కింది. ప్రతిసారీ గట్టెక్కుతుందా?

వార్డు బయట వసారాలో భర్త టిఫిన్ క్యారియరుతో ఎదురుచూస్తున్నాడు. బస్సు డిపోలో మెకానిక్కు అతను. పాపను అద్దంలోంచి తప్ప చూడలేదు. దగ్గరికి రమ్మంటే, నావి నట్లు బిగించే చేతులు, పిల్లనెక్కడ పట్టుకుంటాను అని తప్పించుకునేవాడు.

"వెళ్ళి నిజం చెప్పేస్తాను" అందామె.

అతను క్యారియరు మూత తియ్యబోయి ఆగాడు. "నీళ్ళలో ఉంటూ మొసలితో వైరమా? మన పిల్ల ఇంకా లోపలే ఉంది. ఆయన ఈ ఆసుపత్రి సంఘంలో మనిషి. వార్డులోకి వెళ్ళే నీ పాసు రద్దుచేస్తే?"

"ఆ సిస్టర్ లేకపోతే మనకు పిల్లే లేదు."

"నేను కాదన్నానా? ఇంటికెళ్ళేరోజు కాళ్ళకి దణ్ణం పెడదాం. పూలదండ వేద్దాం. ఏం కావాలంటే అది చేద్దాం. ఇప్పుడు మాత్రం నోరు కట్టేసుకో."

"ఇప్పుడు నోరు కట్టేసుకుని, అప్పుడు దండ వేస్తే ఆ దండ ఎవరికి?"

అతను తియ్యబోయిన మూతను మళ్ళీ బిగించాడు. ఆమె తినకుండానే లేచింది.

ఇంజెక్షన్ గది ఆసుపత్రికి ఆ చివర, మందుల కౌంటరు పక్కన. బయట పెద్ద వరస. లోపల పెద్ద సిస్టర్ మందు సీసాను తలకిందులుగా పట్టుకుని సూదిలోకి లాగుతోంది. సిరంజిని గోటితో తట్టి బుడగలు పైకి తెప్పించింది.

"పాపకి పాలు?" అంది, తలెత్తకుండానే.

"పట్టే వచ్చాను. సిస్టర్, ఆ తలుపు..."

"మళ్ళీ ఊపిరి మర్చిపోయిందా?"

"లేదు. మీరెందుకు మీ మీద వేసుకున్నారు?"

పెద్ద సిస్టర్ ఒక ముసలాయన జబ్బ మీద దూదితో తుడిచి, సూది దించి, తీసి, అక్కడే గట్టిగా వత్తిపట్టుకోమని చెప్పి పంపించింది. "నీ పాసు లాగేసుకుంటే ఆ పిల్ల ఎవరి గుండెల మీద పడుకుంటుంది? నీ మీద ఉన్నంతసేపు దానికి ఊపిరి తప్పడం లేదు, గమనించావా? నాకేం, ఇక్కడ కూర్చుని చేసే పని. మోకాళ్ళకి పుణ్యం."

"అక్కడ చిన్న సిస్టర్ ఒక్కతే చేస్తోంది."

తర్వాతి సిరంజి అందుకోబోయిన చెయ్యి ఆగింది. "ఇంకా ఎవర్నీ వెయ్యలేదా?"

"లేదు."

"కిటికీ పక్క బాబుకి కడుపు?"

"ఉబ్బింది. తగ్గింది. మళ్ళీ ఉబ్బుతుందేమో అంటోంది."

పెద్ద సిస్టర్ ఆగిన చేత్తో సిరంజి అందుకుంది. తర్వాత మామూలు గొంతుతో, "నాకోసం నువ్వు చెయ్యాల్సిందేం లేదమ్మా. పిల్లని ఇంటికి తీసుకుపో. అదే చాలు" అని, "తర్వాతివాళ్ళు రండి" అని కేకేసింది.

ఆమె వద్దని చెప్పేసరికి కండక్టరమ్మ పట్టుదల ఇంకా గట్టిపడింది. వార్డుకు తిరిగివచ్చి, అధ్యక్షులవారి కోడలి పక్కన కూర్చుంది. "రేపు సూపరింటెండెంట్‌గారి గదిలో విచారణట. సిస్టర్ లోపలికి పరిగెత్తాకే తలుపు పడిందని నువ్వు చూశావు కదా. ఒక్క మాట చెప్తావా?"

ఆ పిల్ల తల మరింత దించుకుంది. "ఆయన మా మామయ్యక్కా" అంది. అంతకుమించి ఒక్క ముక్క రాలేదు. కండక్టరమ్మ ఆమెను తప్పుపట్టలేదు. ఎవరి ఇంట్లో ఎవరి గొంతు ఎంత లేస్తుందో బయటివాళ్ళకేం తెలుసు.

మర్నాడు పొద్దున్నే భర్త డిపో నుంచి సరాసరి వచ్చాడు. ముందుగదిలో తొట్టి దగ్గర చేతులు కడుగుతున్నాడు. ఒకసారి కాదు, గోళ్ళ సందుల్లోంచి నల్లటి నూనె పోయేదాకా బ్రష్షుతో రుద్దుతూనే ఉన్నాడు. చర్మం ఎర్రబడింది.

"ఏం చేస్తున్నావ్?"

"నువ్వు వెళ్ళి చెప్పు. పాసు పోతే పోనీ. పాలు పిండి పంపిద్దువుగాని." ఆమెవైపు చూడలేదతను. "గుండెల మీద పడుకోబెట్టుకోడానికి నేను పనికిరానా? చిన్న సిస్టర్‌ని అడిగాను. తండ్రైనా ఫరవాలేదంది. వెచ్చగా ఉంటే చాలట."

కండక్టరమ్మ అక్కడే నిలబడి, చిన్న సిస్టర్ అతన్ని వాలుకుర్చీలో కూర్చోబెట్టడం, చొక్కా గుండీలు విప్పమనడం, పాపను తెచ్చి ఆ వెడల్పాటి రొమ్ము మీద ఆనించడం చూసింది. అతను ఊపిరి బిగబట్టేశాడు. "పీల్చు, వదులు" అంది ఆమె దూరం నుంచే. "నిన్ను చూసి అది నేర్చుకుంటుంది." అతను పీల్చాడు. పాప బుగ్గ ఆ ఊపిరితో పాటు పైకి లేచి కిందికి దిగింది. ఆమె వెనుదిరిగి సూపరింటెండెంట్ గదివైపు నడిచింది.

గదిలో సూపరింటెండెంటు, మేట్రన్, ఎదురుగా కుర్చీలో అధ్యక్షులవారు ఉన్నారు. ఆయన వేలికి కట్టు ఉంది. పెద్ద సిస్టర్ ఓ పక్కగా నిలబడి ఉంది. కండక్టరమ్మను చూడగానే ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"తలుపు వేసింది నేనండీ" అంది కండక్టరమ్మ. చాలా రోజుల తర్వాత ఆమె అసలు గొంతు బయటికి వచ్చింది.

"సిస్టర్ తానే వేశానందే" అన్నాడు సూపరింటెండెంటు.

"నా పాసు పోతుందని అలా చెప్పింది. ఆ టైముకి మా పాప ఊపిరి ఆగితే ఆవిడ పాప దగ్గరుంది. ఒక్క మనిషి రెండు చోట్ల ఎలా ఉంటుందండీ?"

అధ్యక్షులవారు కుర్చీలో ఇటు తిరిగాడు. "నా వేలు నలగ్గొట్టింది నువ్వన్నమాట."

"నేనే. మీ చెయ్యి అక్కడుందని చూసుకోలేదు, దానికి క్షమించండి. తలుపు వేసినందుకు మాత్రం కాదు. బస్సు నిండాక మా డిపో మేనేజరు ఫుట్‌బోర్డు మీద నిలబడ్డా దింపేస్తాను. ఆయన మీద కోపంతో కాదు. లోపల ఉన్నవాళ్ళు నన్ను నమ్ముకుని ఎక్కారు."

సూపరింటెండెంటు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడేం కాదు, ఎటు మొగ్గితే తక్కువ తలనొప్పి అని చూసుకునే మనిషి. "రోగుల తాలూకు వాళ్ళు ఇలా చేస్తే పాసు రద్దు చెయ్యాలమ్మా. నిబంధన."

ఆమె మెళ్ళో పాసు తీసి బల్ల మీద పెట్టింది. "తీసుకోండి. మా ఆయన లోపల పాపను పడుకోబెట్టుకుని ఉన్నాడు. సిస్టర్‌ని మాత్రం ఈ రోజే వార్డుకి పంపండి. అక్కడ ఒక్క మనిషి చేతుల్లో అంతమంది పిల్లలున్నారు. అందులో వీరి మనవడూ ఉన్నాడు."

"నా మనవడి సంగతి నువ్వు చెప్పక్కర్లేదు" అన్నాడు అధ్యక్షులవారు.

"నా పాసు కూడా తీసుకోండి సార్."

అందరూ తలుపువైపు చూశారు. అధ్యక్షులవారి కోడలు. వార్డు గౌనుతోనే వచ్చేసింది. అప్పటికే పాసు చేతిలో ఉంది. వచ్చి కండక్టరమ్మ పాసు పక్కన పెట్టి, చెయ్యి వెనక్కి తీసుకోలేదు, బల్ల అంచును పట్టుకుంది.

"ఆ తలుపు ఒక్కరు తోస్తే పడే తలుపు కాదు మామయ్యా. అక్క వెనక నేనున్నాను. నేనూ తోశాను."

 ఆ తలుపు ఎందుకంత తేలిగ్గా పడిందో కండక్టరమ్మకు అప్పుడు అర్థమైంది.

"నువ్వా?" అన్నాడు ఆయన. కోపం కాదు, నమ్మలేకపోవడం.

"మీ అక్కయ్యగారు దగ్గుతున్నారు. ముందురోజే వద్దని చెబుదామనుకున్నాను, మీ ఎదుట నోరు రాలేదు. సిస్టర్ నా బదులు చెప్పింది. ఆవిడ మాట కూడా మీరు వినలేదు. ఇంక తలుపు తొయ్యడం తప్ప నాకేం మిగిలింది?"

అధ్యక్షులవారు తన వేలి కట్టును చూసుకున్నాడు. దాని అంచును బొటనవేలితో రుద్దాడు. "వాడి కడుపు ఉబ్బిందట కదా. ఎవరూ నాకు చెప్పలేదు" అన్నాడు.

"తగ్గిందండి" అంది పెద్ద సిస్టర్, అడగకుండానే. "రాత్రి అరిగిందట. పొద్దున పాలు మళ్ళీ మొదలుపెట్టారు. కొంచెం కొంచెంగా."

మార్చేసినా ఆమె పొద్దున్నే వార్డుకు ఫోన్ చేసి కనుక్కుందన్నమాట. అధ్యక్షులవారు ఆమెవైపు తిరిగాడు. ఏదో అడగబోయి మానుకున్నాడు. లేచి, బల్ల మీది కోడలి పాసును తీసి ఆమె చేతిలో పెట్టాడు. గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, రెండోదాన్ని కూడా కండక్టరమ్మ వైపు జరిపాడు.

"నా ఫిర్యాదు లేదనుకోండి" అన్నాడు సూపరింటెండెంటుతో. ఎవరి ముఖమూ చూడకుండా వెళ్ళిపోయాడు.

ఫిర్యాదు పోయినంత తేలిగ్గా ఉత్తర్వు పోలేదు. ఆసుపత్రిలో మనిషిని కదిలించడానికి ఒక్క పూట చాలు, తిరిగి తేవడానికి అన్ని బల్లలూ దాటాలి. వార్డుకు ముందు వేరే సిస్టర్ని పంపారు. కొత్తామె నెమ్మదైనది, మంచిది. చిన్న సిస్టర్ మళ్ళీ పరుగులు మాని నడవడం మొదలుపెట్టింది. పెద్ద సిస్టర్ తిరిగి రావడానికి వచ్చే నెల దాకా పడుతుందన్నారు. ఈలోగా కండక్టరమ్మ పాప ఒక్కసారి కూడా ఊపిరి మర్చిపోలేదు. గాజుపెట్టెలోంచి మామూలు తొట్టెలోకి, గొట్టంలోంచి ఉగ్గుగిన్నెకు, ఉగ్గుగిన్నె నుంచి తల్లి రొమ్ముకు వచ్చింది. తండ్రి రోజూ ఒక పూట వాలుకుర్చీలో కూర్చునేవాడు. డిపోలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ మెడ ఎలా పెట్టాలో చెప్పేవాడట.

ఇంటికి పంపుతామన్న రోజు వాళ్ళు ముగ్గురూ గేటువైపు కాకుండా ఇంజెక్షన్ గదివైపు వెళ్ళారు. అదే పొడుగాటి వరస.  వసారా పొడుగునా అతను కూడబలుక్కున్న మాటలన్నీ ఆ మందు వాసనలో ఆవిరైపోయాయి. "సిస్టర్..." అని ఆగిపోయాడు.

కండక్టరమ్మ పాపను ముందుకు చాపింది.

పెద్ద సిస్టర్ అలవాటుగా లేచి, అరచేతులు రుద్దుకుని అందుకుంది. అందుకోగానే కళ్ళు పాప రంగు మీదికి, రొమ్ము మీదికి, కాలి వేళ్ళ మీదికి పరుగెత్తాయి. మెడ సరిచేసింది. వేలితో అరికాలు తాకి చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇక చూడాల్సింది ఏమీ లేదు. తూచాల్సింది లేదు, తిప్పాల్సింది లేదు, వైర్లు లేవు. ఆమె చేతులు కాసేపు ఏం చెయ్యాలో తెలియనట్టు అలాగే ఉండిపోయాయి.

"ఇన్నేళ్ళలో వీళ్ళని ఊరికే ఎత్తుకున్నది లేదు" అంది. "ఎప్పుడూ ఏదో ఒక పనే."

"ఎత్తుకోండి" అంది కండక్టరమ్మ.

పెద్ద సిస్టర్ కుర్చీలో కూర్చుంది. పాపను భుజానికి ఆనించుకుంది. చెంప పాప నెత్తికి తగిలింది. బయట వరసలో ఎవరో ఎందుకింత ఆలస్యమని గొణిగారు. ముందున్న ముసలామె లోపలికి తొంగిచూసి, రవిక చెయ్యి పైకి మడుచుకోబోయి మళ్ళీ దించేసుకుని, "కాసేపు ఆగండయ్యా, సిస్టర్ పనిలో ఉంది" అంది.